వాసిల్‌కి రాని కార్డు

మా ఆయన వాసిల్ హుడాక్ పెద్ద లీగులో బేస్‌బాల్ ఆడాడు. ఒక్క వేసవే ఆడాడు, కానీ ఆడాడు. మా ఊళ్ళో ఈ మాట ఎవరూ కాదనరు, అలాగని పూర్తిగా నమ్మరు కూడా. ఎందుకంటే ఆయనకి కార్డు లేదు.

పెన్సిల్వేనియా బొగ్గు కొండల్లో పెరిగిన మా తరం మగవాళ్ళకి అదో పిచ్చి. చిన్నప్పుడు చూయింగ్ గమ్ పొట్లంలో వచ్చిన అట్టముక్క మీద ఎవడి మొహం ఉంటే వాడే ఆటగాడు. మిగతావాళ్ళంతా ఆడామని చెప్పుకునేవాళ్ళు. మా ఊళ్ళో క్లెమ్ నడిపే బార్లో గోడ నిండా అలాంటి పాత కార్డులే, అద్దాల చట్రాల్లో బిగించి ఉంటాయి. వాసిల్ గుమ్మంలో అడుగు పెట్టగానే క్లెమ్ అందుకునేవాడు.

"రావోయ్ పెద్ద లీగూ! నీకోసం గోడకి ఓ మేకు ఖాళీగా ఉంచా. ఏదీ కార్డు?"

"పోస్టులో వస్తోందిరా."

"ఇన్నేళ్ళబట్టా? ఆ పోస్టుమేన్ పాక్కుంటూ వస్తున్నాడేంటి?"

అందరూ గొల్లుమనేవాళ్ళు. మా ఆయనా వాళ్ళతో కలిసి నవ్వేవాడు. ఆ తర్వాత ఇంటికొచ్చి, బూట్లయినా విప్పకుండా కుర్చీలో కూలబడి గోడ వంక చూస్తూ ఉండిపోయేవాడు. వెళ్ళి క్లెమ్ నెత్తిన వాడి బీరుగ్లాసే బోర్లించి రావాలనిపించేది నాకు. "పోనీలే ఆర్లీన్, వాడూ మనవాడే కదా" అనేవాడు.

కార్డు ఎందుకు రాలేదో నాకు తెలుసు. క్లెమ్‌కీ తెలుసు, కానీ వాడికి ఎగతాళి దొరికితే చాలు.

వాసిల్‌కి ఎమిల్ అని కవల అన్న ఉండేవాడు. ఇద్దరూ అద్దంలో చూసుకున్నట్టుండేవాళ్ళట. ఒకడి పాపిడి ఎడమకి, ఇంకొకడిది కుడికి. వాసిల్‌ది ఎడమచేతి వాటం, ఎమిల్‌ది కుడిచేతి వాటం. ఇద్దరూ పిచర్లే, అంటే బంతి విసిరేవాళ్ళే. ఎమిల్ బంతికే వేగం ఎక్కువని మా ఆయనే చెప్పేవాడు, ఎవరూ అడక్కుండానే. ఒకనాడు జట్టు తరఫున కుర్రాళ్ళని వెతుక్కుంటూ ఓ మనిషి వచ్చి, పూటంతా ఇద్దరి ఆటా చూసి, వాసిల్‌ని తీసుకుపోయాడు. "కుడిచేతివాళ్ళు ఎక్కడైనా దొరుకుతారు, ఎడమచేతివాళ్ళకే కరువు" అన్నాడట పోతూ పోతూ. ఎమిలేమో నాన్న వెనకే బొగ్గు గనిలోకి దిగాడు.

ఆ పై వసంతంలో వాసిల్ ఫ్లోరిడాలో జట్టు శిబిరంలో ఉండగా గని కప్పు కూలి ఎమిల్ మీద పడింది. వాసిల్ అన్నని పూడ్చిపెట్టడానికి రైలెక్కి ఊరికొచ్చాడు. సరిగ్గా ఆ వారమే గమ్ కంపెనీ ఫొటోగ్రాఫరు శిబిరానికి వచ్చి, ఉన్నవాళ్ళనందరినీ వరసగా నిలబెట్టి ఫొటోలు తీసుకుపోయాడు. అతను ఏడాదికొక్కసారే వస్తాడు. వాసిల్ ఆ వేసవంతా అన్న మీది దుఃఖంతో, ఒళ్ళు తెలీకుండా బంతులు విసిరాడు. ఆట రోజులు ముగిసేలోపే భుజం పనైపోయింది. మళ్ళీ ఏ శిబిరానికీ పిలుపు రాలేదు. ఊరికొచ్చి బేకరీ వ్యాను తోలుకుంటూ బతికాడు. నాకు పరిచయమైంది ఆ రొట్టెల బండి మీదే. ఆయన బంతి విసరడం నేను ఒక్కసారి కూడా చూడలేదు.

ఈ ఏడు ఈస్టర్ వెళ్ళాక పక్షవాతం వచ్చి ఎడమ వైపంతా పడిపోయింది. ముందుగదిలో మంచం వేయించాను. మాట ముద్దగా వచ్చేది, సగం నేనే ఊహించుకోవాలి. ఇంకెన్నో రోజులు ఉండడని ఇంటికొచ్చే నర్సు నన్ను వంటింట్లోకి పిలిచి చెప్పింది. ఆ మధ్యాహ్నం సూప్ పట్టిస్తుంటే చెంచా పక్కకి తోసి అడిగాడు.

"పోస్టు... వచ్చిందా?"

"కరెంటు బిల్లొచ్చింది. ఏం, కడతావా?"

"కార్డు."

హాస్యమాడుతున్నాడేమోనని మొహంలోకి చూశాను. కాదు. నిజంగానే అడుగుతున్నాడు. నాకు దుఃఖం ముంచుకొచ్చింది. ఆయన కళ్ళు మూతపడేలోపు ఆ దిక్కుమాలిన అట్టముక్క చేతిలో పెట్టాలనుకున్నాను. అది తప్ప నాకింకేం అక్కర్లేకపోయింది.

పక్క ఊళ్ళో డ్వైట్ క్రెసీ అని ఒకడున్నాడు. అచ్చాఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. ఇప్పుడు కారు షెడ్డులో కూర్చుని కార్డులు తయారుచేస్తాడు. పాతకాలం కంపెనీలు ఎవరెవరిని వదిలేశాయో వాళ్ళకి, ఆ ఏటి కార్డులు ఎలా ఉండేవో అచ్చం అలాగే. అదే బూడిదరంగు అట్ట, అవే అక్షరాలు, కాస్త పక్కకి జరిగినట్టుండే అదే ఎరుపు. వెనకవైపు ఆటగాడి లెక్కలు, పక్కన ఓ చిన్న కార్టూను. అంచులు అరగదీసి, టీ నీళ్ళతో పాతరంగు పట్టించి, కొన్నాళ్ళు గమ్ముతో కలిపి డబ్బాలో పెడతాడు, ఆ వాసన పట్టడానికి. ఇదేం పిచ్చని అంతకుముందు నేనే వెక్కిరించాను. ఆరోజు మాత్రం వాడి బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"ఎప్పటికి కావాలి ఆర్లీన్ గారూ?"

"ఎప్పటికా? నిన్నటికి."

"గమ్ వాసన పట్టాలంటే కనీసం..."

"వాసన సంగతి దేవుడెరుగు. ముందు మొహం వేసివ్వు నాయనా."

పాపం, తిండి మాని తిరిగాడు. మూతపడిన ఓ పత్రిక వాళ్ళ అటకమీద, ఆ వేసవిలో తీసిన వాసిల్ నెగటివు పట్టుకున్నాడు. వారం తిరక్కుండానే కార్డు తెచ్చాడు. క్లెమ్ గోడకి కూడా ఒకటి అచ్చువేసి, దారిలో ఇచ్చేసి వచ్చాడట.

ఎంత బాగుందో! ఆకాశం, గడ్డి, చెయ్యి పైకెత్తి బంతి విసరబోతున్న ఇరవై ఏళ్ళ కుర్రాడు. నేను పెళ్ళాడేనాటికే ఆ మొహంలోంచి వెళ్ళిపోయిన వెలుగు అందులో ఉంది. కింద 'వాసిల్ హుడాక్, పిచర్' అని పేరు. ఆ పేరు వేలితో తడిమి తడిమి చూసుకున్నాను. డ్వైట్‌ని గట్టిగా కావలించుకుని, ఆలుగడ్డ కూరి ఉడికించిన పిరోగీలు ఒక గిన్నెడు మూటకట్టి పంపాను.

వెనక దిండ్లు పెట్టి ఆయన్ని లేపాను. "పోస్టొచ్చింది" అని కార్డు కుడిచేతిలో పెట్టాను.

చాలాసేపు చూశాడు.

"ఎమిల్" అన్నాడు.

బుర్ర తిరుగుతోందనుకున్నాను. "ఎమిల్ కాదయ్యా, నువ్వే. పేరు చూడు, నీ పేరే."

ఆయన కార్డు దుప్పటి మీద పెట్టాడు. కుడిచేత్తో తన చచ్చుబడిన ఎడమచెయ్యి మణికట్టు పట్టుకుని ఎత్తి, దాన్ని తెచ్చి కార్డు పక్కన పడేశాడు. చూడవే అన్నట్టు.

అప్పుడు చూశాను. బొమ్మలో వాడు బంతి ఎత్తింది కుడిచేత్తో.

ఆ ఎడమచేత్తోనే అన్నం తిన్నాడు, ఆ ఎడమచేత్తోనే నాకు ఉంగరం తొడిగాడు, ఆ ఎడమచేత్తోనే వ్యాను తలుపు వేశాడు. ఇన్నేళ్ళు కాపురం చేసిన నాకు అది కనబడలేదు. మొహం చూశాను, పేరు చూశాను, మురిసిపోయాను. సిగ్గుతో ఒళ్ళంతా మండిపోయింది. ఆ మంటంతా ఫోనులో డ్వైట్ మీద పోశాను.

"కళ్ళున్నాయా నీకు? వెనకాల 'ఎడమచేతి వాటం' అని నువ్వే అచ్చేశావు కదా! ముందువైపు ఎవర్ని నిలబెట్టావు?"

వాడు నీళ్ళు నములుతూ చెప్పాడు.

"నెగటివు తిరగేసి అచ్చేశానండీ, అద్దంలో కనబడ్డట్టు. అసలు ఫొటోలో ఆయన బయటికి చూస్తున్నాడు. కార్డులో బొమ్మ ఎప్పుడూ లోపలికి, జట్టు పేరు వైపు చూడాలి. బయటికి చూస్తే మనిషి కార్డులోంచి వెళ్ళిపోతున్నట్టుంటుంది. మేం తిప్పేస్తూ ఉంటాం. టోపీ మీది అక్షరం తిరగబడితే కుంచెతో దిద్దా. ఆ అక్షరం మీదే ఉండిపోయా. చెయ్యి... చెయ్యి చూసుకోలేదు."

"అక్షరం దిద్దావు, మనిషిని చెడగొట్టావు."

"పొద్దున్నకల్లా సరిచేసి తెస్తా. క్లెమ్ దగ్గరిదీ మార్చేస్తా."

తెచ్చాడు. గుమ్మంలోనే ఇచ్చి, తలెత్తకుండా వెళ్ళిపోయాడు. ఈసారి ముందు చెయ్యి చూశాను. ఎడమచెయ్యే. మా ఆయనే. కానీ డ్వైట్ అన్నది అబద్ధం కాదు. ఇందులో కుర్రాడు అంచు దాటి ఎటో చూస్తున్నాడు, నిలబడ్డ చోట మనసు లేనివాడిలా. పెళ్ళయినప్పట్నుంచీ ఆ చూపు నాకు తెలుసు.

రెండు కార్డులూ దుప్పటి మీద పక్కపక్కన పెట్టాను. "ఇదుగో, ఇది నీది. తప్పుది అవతల పారేద్దాం" అన్నాను. తప్పుదాని మీదికి చెయ్యి చాచేసరికి ఆయన నా వేళ్ళు పట్టుకున్నాడు. అంత బలం ఇంకా ఉందనుకోలేదు. నన్ను వదిలి, తన కార్డు అందుకుని, మెల్లగా బోర్లా పెట్టేశాడు. ఎమిల్‌ని గుండెమీద పెట్టుకున్నాడు.

"వాడికే... రావాలి" అన్నాడు. "వాడే... బాగా విసిరేవాడు."

"చాల్లే! వాడు పోయి ఎన్నేళ్ళయింది? దిగులుతో నీ చెయ్యి వాడికిచ్చావు, కార్డు వాడికిచ్చావు, చచ్చేముందైనా నీదేదో నువ్వు తీసుకోవయ్యా! నాకోసమైనా తీసుకో!"

అరిచాను. మంచంమీద ఉన్న మనిషి మీద అరిచాను. ఆయన నావైపు జాలిగా చూశాడు, నాకేదో అర్థం కాలేదన్నట్టు. ఆ తర్వాత బొమ్మ వైపు తిరిగి నవ్వాడు. క్లెమ్ బార్లో నవ్వే నవ్వు కాదది. పెళ్ళినాడు కూడా నాకు దక్కని నవ్వు. అలా నవ్వించింది నేను కాదు, ఓ తప్పుడు బొమ్మ. ఏడుస్తూ వంటింట్లోకి వెళ్ళి, సూప్ గిన్నె తోమిందే తోముతూ ఉండిపోయాను.

ఆదివారం పొద్దున చర్చి గంటలు మోగుతుండగా పోయాడు. వేళ్ళు విడదీసి కార్డు తియ్యాల్సి వచ్చింది. శవపెట్టెలో పెట్టేటప్పుడు ఆయన కోటు జేబులో దాన్నే పెట్టాను. రెండోది, నిజమైనది, నా చేతిసంచిలో వేసుకున్నాను.

పూడ్చిపెట్టాక అందరం క్లెమ్ బార్లో భోజనానికి చేరాం. ఖాళీ మేకుకి ఇప్పుడు చట్రం వేలాడుతోంది. అందులో ఎమిలే. డ్వైట్ నా పక్కకొచ్చి గుసగుసగా అన్నాడు.

"సరైంది నా జేబులో ఉందండీ. క్లెమ్ చట్రానికి మేకులు కొట్టేశాడు, తియ్యనివ్వడం లేదు. మీరు చెబితే ఇప్పుడే మారుస్తా."

నేనేదో అనేలోపే క్లెమ్ గ్లాసు పట్టుకుని ఆ చట్రం కింద నిలబడ్డాడు. మొహం ఎర్రగా ఉబ్బి ఉంది. వెధవ ఏడుస్తున్నాడు.

"మన వాసిల్‌రా!" అన్నాడు అందరితో. "ఎంత ఏడిపించాను పిచ్చి సన్నాసిని! చూడండి, కార్డొచ్చేసింది. నేను రోజూ దీని కిందే నించుంటా, రోజూ దీన్నే చూస్తా. అబ్బ, ఆ ఎడమచెయ్యి చూడండ్రా, ఎలా ఎత్తాడో!"

ఊరంతా తలెత్తి ఆ కుడిచేతి వంక చూసింది. ఆయనతో కలిసి తాగినవాళ్ళు, ఆయన రొట్టె తిన్నవాళ్ళు, చిన్నప్పుడు ఆయనతో ఆడినవాళ్ళు. అందరూ తలూపారు. కళ్ళు తుడుచుకున్నారు. ఒక్కడంటే ఒక్కడు 'అదేంటి' అనలేదు.

డ్వైట్ నా మోచెయ్యి తాకాడు. చేతిసంచి ఒళ్ళో ఉంది, అందులో మా ఆయన ఎటో చూస్తూ ఉన్నాడు. నోరు తెరిస్తే చాలు. కానీ దుప్పటి మీద తన మొహం తనే బోర్లించుకున్న ఆ చెయ్యి నా కళ్ళముందునుంచి కదల్లేదు.

"కదా ఆర్లీన్?" అన్నాడు క్లెమ్. "ఆ చెయ్యే కదా?"

"అవును క్లెమ్," అన్నాను. "ఆ చెయ్యే."