చెరిపిన టిక్కు

తన చదువు ఆగినట్టే కూతురి చదువూ చడీచప్పుడు లేకుండా ఆగిపోతుందేమోనన్నదే ఆమెకున్న పెద్ద భయం. ఆమెను బడి మానెయ్యమని ఎవరూ అనలేదు. ఎనిమిదో తరగతిలో ఉండగా ఇంట్లో చెల్లెలు పుట్టింది, చంటిదాన్ని చూసుకోవడానికి మనిషి కావలసొచ్చింది. ఒకరోజు వెళ్లలేదు, మర్నాడూ వెళ్లలేదు, అంతే. మానెయ్యమని ఎవరైనా అని ఉంటే కనీసం పోట్లాడేది.

పదిహేడేళ్లకే తల్లయిన ఆమెకు ఇప్పుడు ముప్పై రెండు. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో మధ్యాహ్నం షిఫ్టు. ఉతికిన దుప్పటిని వెలుతురుకు ఎత్తి పట్టి, మరక మిగిలిందేమో చూడడం ఆమె పని. అందుకే ఆ ఉదయం కూతురు సంతకం కోసం ఇచ్చిన కాగితాన్ని కూడా అలవాటు కొద్దీ కిటికీకేసి ఎత్తి పట్టింది.

పైన వచ్చే ఏడాదికి ఎంచుకునే సబ్జెక్టులు, కింద బడి అయ్యాక ఇష్టమైన పని నేర్చుకునే ఆసక్తి గంట. టిక్కు గృహవిజ్ఞానం దగ్గర ఉంది. ఆసక్తి గంట దగ్గర ‘ఏదీ వద్దు’ అని రాసి ఉంది. భౌతికశాస్త్రం పక్క గడిలో మాత్రం కాగితం పలచబడి మెరుస్తోంది.

“ఇక్కడ చెరిపిందెవరే?”

“ఎవరు చెరుపుతారమ్మా. సంతకం పెట్టు, బస్సు వెళ్లిపోతుంది.”

“పాలు కాచమంటే గిన్నె మాడ్చేదానివి, నీకు గృహవిజ్ఞానమా?”

“మాడుస్తున్నాననేగా నేర్చుకునేది.”

జవాబు మరీ నున్నగా ఉంది. నున్నటి జవాబును ఆమె నమ్మదు. సంతకం పెట్టలేదు. మూడేళ్ల చిన్నోడిని శిశుకేంద్రంలో దింపి, కాగితం సంచిలో పెట్టుకుని తిన్నగా బడికి బయల్దేరింది. సైన్సు గదిలో సీట్లు తక్కువట. దుప్పట్లు ఉతికేదాని కూతురిని పక్కకు నెడితే అడిగే దిక్కెవరని తరగతి టీచరే చేసి ఉంటుంది. కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోవాలి? దారి పొడుగునా పోట్లాటను మనసులో సాధన చేసింది.

“మా పిల్ల కాగితంలో టిక్కు మార్చిందెవరు టీచర్ గారూ?”

“ముందు కూర్చోండమ్మా.”

“కూర్చోవడానికి రాలేదండీ. సీట్లు తక్కువైతే మీకు మా పిల్లే దొరికిందా? తల్లి చదువుకోలేదు, అడగలేదులే అనుకున్నారా?”

తరగతి టీచరుకు కోపం రాలేదు. దాంతో ఆమె అనుమానం రెట్టింపయింది. తప్పు చేసినవాళ్లే ఇంత మెత్తగా ఉంటారు.

“సీట్లు ఇంకా నాలుగున్నాయి. సైన్సులో మీ అమ్మాయి క్లాసుకే రెండోది. ఎందుకు మార్చావని నేనూ అడిగాను. మా అమ్మ వద్దంది అని చెప్పింది.”

“నేనా?”

“మీరే. మిమ్మల్ని పిలిపించి నాలుగు దులుపుదామనుకుంటుంటే మీరే వచ్చారు.”

ఇద్దరూ ఒకరినొకరు ఎగాదిగా చూసుకున్నారు. టీచరు గోడమీది టైంటేబుల్ చూపించింది. సోమ, బుధవారాలు నాలుగు నుంచి అయిదున్నర దాకా భౌతికశాస్త్రం ల్యాబ్. శుక్రవారం అదే వేళకు ఆసక్తి గంట.

“రేడియో తయారుచేసే గుంపులో పేరిచ్చి, మళ్లీ తీసేసుకుంది” అంది టీచరు.

“దానికి మార్కులెన్నండీ?”

“మార్కులుండవమ్మా. ఇష్టం ఉన్నవాళ్లు వస్తారు.”

మార్కులు లేనిదానికి బడివాళ్లు గంట ఇస్తారా అని ఆమెకు ఇంకో అనుమానం పుట్టింది. కానీ చూపు మాత్రం నాలుగు అన్న అంకె మీదే ఆగిపోయింది. శిశుకేంద్రం మూసేది నాలుగున్నరకు. చిన్నోడిని ఇంటికి తెచ్చేది కూతురు. దొంగను పట్టుకుందామని బయల్దేరితే అడుగుజాడలు తన గుమ్మానికే వచ్చాయి.

కూతురిని వరండాలోకి పిలిపించారు.

“నామీద ఎందుకు చెప్పావే?”

“ఇంకేం చెప్పను? తమ్ముణ్ణి ఎవరు తెస్తారు? నాన్న లారీ ఎప్పుడొస్తుందో నాన్నకే తెలీదు.”

“నన్నడగొచ్చుగా.”

“అడిగితే నువ్వు పని మానేస్తావు.”

ఆమె పెన్ను అడిగి తీసుకుని, గృహవిజ్ఞానం టిక్కు కొట్టేసి, భౌతికశాస్త్రం దగ్గర, రేడియో దగ్గర కాగితం చిరిగేంత గట్టిగా టిక్కులు పెట్టి, కింద సంతకం చేసింది. “చిన్నోణ్ణి పక్కింటి అత్తమ్మ తెస్తుందిలే” అంది. కూతురు “సరే” అంది. అంత తొందరగా సరే అనే పిల్ల కాదు అది.

కొత్త తరగతి మొదలై మూడు వారాలైంది. పక్కింటి అత్తమ్మ “దానికేం భాగ్యం” అని ఒప్పుకుంది గానీ, ఆవిడకు మోకాళ్ల నొప్పులు. పైగా మధ్యాహ్నం కునుకు తీస్తే అయిదైనా లేవదు. “తెస్తున్నారా?” అంటే “తెస్తున్నానమ్మా” అంటుంది, చూపు ఎటో పెట్టి. చిన్నోడిని అడిగితే ఓరోజు “అత్త” అంటాడు, ఓరోజు “అక్క” అంటాడు. “ల్యాబ్‌కు వెళ్లావా?” అంటే కూతురు “వెళ్లాను” అంటుంది. నోటుపుస్తకం తిరగేస్తే నిండా గీతలు, అంకెలు. అవి ఈ వారానివో కిందటి వారానివో పోల్చుకునే చదువు ఆమెకు లేదు. టీచరును అడుగుదామంటే, అమ్మ నన్ను నమ్మడం లేదని పిల్లకు తెలిసిపోతుందన్న బెంగ. పోయి చూద్దామంటే ఆ వేళకు దుప్పట్ల బల్ల వదిలే వీల్లేదు.

కాబట్టి బుధవారం అయిదు గంటలప్పుడు ఆ బడి ముందునుంచి వెళ్లేవాళ్లు మీలో ఎవరైనా ఉంటే, ల్యాబ్ కిటికీలు రోడ్డువైపే ఉంటాయి, ఒక్కసారి లోపలికి చూడండి. ఎడమచేత్తో రాసే సన్నటి పిల్ల. పలకరించకండి. ఉంటే ఉందని, లేకపోతే లేదని ఆ తల్లికి చెప్పండి, పుణ్యముంటుంది.