ఎవరూ అడగని ఏళ్ళు

తాడు విప్పగానే పాత కాగితం వాసన.

తడిసి ఆరిన కాగితం, సిరా వెలిసిన కాగితం, మూలలు నలిగిన కాగితం... ముప్ఫై ఏళ్ళ జనం మాటలు కట్టలు కట్టలుగా బల్ల మీద. తమ్ముడు మూడుసార్లు తుమ్మాడు. అక్క తల ఎత్తలేదు.

"తుమ్మింది చాలు గానీ, ఏ ఏడాదిదో చూసి చెప్పు," అంది.

తమ్ముడంటే చిన్నవాడేం కాదు. నలభై ఒకటో ఏడు. ఒకప్పుడు మతి చెదిరి, మందులతోనూ ఓర్పుతోనూ కోలుకున్నవాడు. అలా కోలుకున్నవాళ్ళు పదకొండు మంది కలిసి ఉండే ఇంట్లో ఎనిమిదేళ్ళుగా ఉంటున్నాడు.

ఆ ఇల్లు ఉంటుందా, ఊడుతుందా... బుధవారం తేలుతుంది.

ఆ వీధిలో కొందరు ఇల్లు వద్దని అర్జీ పెట్టారు. మునిసిపాలిటీ వాళ్ళు ఆఖరి సర్వే ఒక్కటీ చేతపట్టుకున్నారు. కోలుకున్నవాళ్ళు పక్కింట్లో ఉంటే ఫర్వాలేదన్నవాళ్ళు నూటికి నలభై ముగ్గురు. సగం కూడా లేరు, ఇల్లు ఎత్తేస్తే సరి, అన్నారు.

సర్వే ఆఫీసులో లెక్కలు చూసే అక్క ఒక్కటే మాట అడిగింది.

"నలభై మూడు సరే. పైకెక్కుతూ నలభై మూడా, కిందికి దిగుతూ నలభై మూడా?"

ఆ లెక్క ఎవరి దగ్గరా లేదు. అందుకే ఈ కట్టలు.

పద్నాలుగు సర్వేలు. ఒక పద్ధతా, పాడా? ఒక ఏడాది మూడుసార్లు అడిగారు. ఆ తరువాతెప్పుడో ఏడేళ్ళపాటు ఆ ఊసే ఎత్తలేదు. ఒకసారి పక్కింట్లో ఉంటే ఫర్వాలేదా అని. ఇంకోసారి కలిసి పనిచేస్తారా అని. మరోసారి ఇల్లు అద్దెకిస్తారా అని. ఒకదానికీ మరోదానికీ పొంతన లేదు. ఇంకొకరైతే తల పట్టుకునేవారు.

అక్క పెన్సిల్ పట్టుకుంది.

"ఒక పిల్లాడి ఎత్తు ఒకరి జానలతో కొలిచారు. ఇంకొకడిది వేరొకరి మూరలతో. ఇద్దరిలో ఎవడు పొడుగో చెప్పలేం. కానీ ఎవడికి వాడు ఎంత పెరిగాడో చెప్పొచ్చు కదరా?"

అంతే. ఏ ప్రశ్ననైనా దానితోనే పోల్చింది. అప్పుడెంత, ఇప్పుడెంత... ఆ తేడా మాత్రమే తీసుకుంది. అద్దె ప్రశ్న ఆగిపోయిన చోట పని ప్రశ్న అందుకుంది. పని ప్రశ్న ఆగిన చోట పక్కింటి ప్రశ్న. తేడా పక్కన తేడా పేర్చి, ఒక్క గీత గీస్తూ పోయింది.

ఎంత ఓపిక!

తమ్ముడు చూస్తూ ఉండిపోయేవాడు. ఊరి మనసు ఆమె పెన్సిల్ కింద కదులుతోంది. ఎక్కుతోంది... కాస్త జారుతోంది... మళ్ళీ ఎక్కుతోంది. జారిన చోట ఆమె చెయ్యి తడబడలేదు. తమ్ముడుండే ఇల్లు కదా అని గీతను వెంట్రుకవాసి కూడా పైకి జరపలేదు.

ఏడేళ్ళ ఖాళీ దగ్గర గీత తెగింది.

"కలిపెయ్యక్కా. చూడ్డానికి నిండుగా ఉంటుంది."

"అడగని మాటకు జవాబు నేనెలా రాస్తానురా?"

అతడికి కోపం వచ్చింది. గర్వమూ వచ్చింది. రెండూ ఒకేసారి వస్తాయని అప్పటిదాకా తెలియదు.

సోమవారం మధ్యాహ్నం అక్క ఉన్నట్టుండి నెత్తి కొట్టుకుంది.

"ఈ గొడుగావిడ నా కొంప ముంచింది!"

గొడుగావిడ అంటే, ఎండైనా వానైనా గొడుగేసుకుని ఇల్లిల్లూ తిరిగి జవాబులు రాసుకొచ్చిన పెద్దావిడ. రిటైరై చాలా కాలమైంది. ప్రతి సర్వేకూ కొత్త ఇళ్ళకు వెళ్ళాలని నియమం. ఆవిడ మాత్రం, మర్యాదగా తలుపు తీసేవాళ్ళున్న ఒక వీధి చూసుకుని, ప్రతిసారీ అక్కడికే పోయింది. అవే ఇళ్ళు. అవే గుమ్మాలు.

అక్క ఆ ఫారాలన్నీ గీతలోంచి తీసేసింది. నియమం నియమమే. కానీ తిట్టడం సగంలో ఆపి, వాటిని మళ్ళీ దగ్గరికి లాక్కుంది. అవే ఇళ్ళంటే... అదే మనిషి మనసు మారిందో లేదో కనిపిస్తుంది కదా!

వీధి పేరు చూసి తమ్ముడు ఆ ఫారాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

వాళ్ళ పాత ఇల్లున్న వీధే.

అతడికి పంతొమ్మిదేళ్ళప్పుడు. లోపలి గది, బయట గడియ. అక్క అప్పటికే వేరే ఊళ్ళో ఉద్యోగంలో ఉంది. గుమ్మంలో ఎవరో ఆడమనిషి అమ్మను అడుగుతోంది... ఇలాంటివాళ్ళు కోలుకుని వచ్చి మీ పక్కింట్లో ఉంటే ఫర్వాలేదా అని. అమ్మ గొంతు అతడికి స్పష్టంగా వినిపించింది.

వద్దమ్మా. వద్దు.

ఇరవై రెండేళ్ళు ఆ మాటను మోశాడు. అక్కకు కూడా చెప్పలేదు.

వాళ్ళ ఇంటి నంబరు ఫారాలు మూడున్నాయి. మొదటిదానిలో 'వద్దు' గడిలో టిక్కు. నాలుగేళ్ళ తరువాతి దానిలో 'తెలియదు' గడిలో. మూడోది, ఏడేళ్ళ ఖాళీ దాటాక వచ్చిన మొదటి సర్వేది. దానిలో ఏ గడిలోనూ టిక్కు లేదు. అంచున గొడుగావిడ చిన్న అక్షరాలు.

'జవాబు చెప్పలేదు. లోపలికి పిలిచి కొడుకును చూపించింది. నన్నెందుకు, వీడినే అడగమంది. నియమం ఒప్పుకోదు కనుక అడగలేదు.'

అతడికి గుర్తుంది. గొడుగు గుమ్మంలో ఆరబెట్టి, తనిచ్చిన మంచినీళ్ళు తాగి, తన వంక ఓసారి చూసి వెళ్ళిపోయిన ఒకావిడ. ఆ మరుసటి ఏడే అమ్మ పోయింది.

అక్క చదివింది. చాలాసేపు చదివింది. ఉన్నవి నాలుగు వాక్యాలే.

"ఇది కూడా లెక్కలోకి రాదా అక్కా?"

"రాదు," అంటూనే ఏడ్చేసింది.

కాసేపటికి ముఖం తుడుచుకుని, సొరుగులోంచి ఖాళీ ఫారం ఒకటి తీసింది. పెన్ను మూత తీసింది. గొంతు సవరించుకుంది.

"కోలుకున్నవాళ్ళు మీ పక్కన ఉంటే మీకు ఫర్వాలేదా అండీ?"

"అండీ ఏంటక్కా!"

"అడిగే పద్ధతి అదేరా. చెప్పు."

అతడు నవ్వాడు. అక్క నవ్వలేదు. అతడి నవ్వు ఆగిపోయింది. అతడిలాంటివాళ్ళ గురించి ముప్ఫై ఏళ్ళుగా ఊరంతటినీ అడిగారు. అతడిని అడగడం ఇదే మొదటిసారి.

"ఆ ఇంటికి వెళ్ళిన కొత్తలో... వద్దనే అనిపించింది. పక్క మంచం ఆయనంటే భయం. తనలో తనే మాట్లాడుకునేవాడు. సంచీ సర్దుకుని గుమ్మం దాకా వచ్చేశాను కూడా."

"ఇప్పుడు?"

"ఇప్పుడాయన ఊరెళ్తే నాకు తోచదు."

"ఎప్పుడు మారింది?"

అతడు ఎనిమిదేళ్ళూ వెనక్కి వెళ్ళి వెతికాడు. ఏ రోజూ దొరకలేదు.

"తెలీదక్కా. మధ్యలో నన్నెవరూ అడగలేదు."

బుధవారానికి ఇంకా ఒక రోజుంది. అక్క గళ్ళ జోలికి పోలేదు. పక్కనున్న ఖాళీలో, అతడు చెప్పింది చెప్పినట్టు రాస్తోంది...