మొండోడు కరిచిన రోజు

పోలీసు కుక్కల శిక్షణశాలలో ఇరవై రెండేళ్లుగా మాస్టారి మాటకు ఎదురులేదు. కుక్క ఎదురు తిరిగితే మెడ పట్టి నేలకు అదమాలి, కళ్లు దించేదాకా వదలకూడదు అని ఆయన చెప్పేవారు. చాలా కుక్కలు అలాగే లొంగాయి. మొండోడు లొంగలేదు.

మూడేళ్ల మగకుక్క అది. పేలుడు పదార్థాల వాసన పట్టడంలో దానికి సాటి లేదు, కానీ ఒకరు చెబితే వినే రకం కాదు. మాస్టారు దాన్ని ఏరికోరి, అక్కడే కానిస్టేబుల్‌గా ఉన్న తన బామ్మర్దికి అప్పగించారు. అతను నెమ్మదస్తుడు. తినేటప్పుడు దగ్గరికెళ్తే గురగురలాడుతోందని, కాస్త ఎడంగా కూర్చుంటే ఊరుకుంటోందని బావకు రెండుసార్లు చెప్పాడు. మాస్టారు కొట్టిపారేశారు.

"చనువిస్తే చంకెక్కుతుందిరా. పళ్లెం లాగెయ్, మెడ పట్టి పడుకోబెట్టు. నేనిక్కడే ఉన్నాగా."

బామ్మర్ది పళ్లెం పట్టుకున్నాడు. మొండోడు పళ్లు చూపించింది. అతను ఆగి బావ వైపు చూశాడు. బావ కానిమ్మన్నట్టు తల ఊపారు.

ఆ సాయంత్రం ఆసుపత్రిలో అతని కుడిచేతి వేళ్లు రెండు తీసేశారు.

తమ్ముడి దగ్గర కూర్చుని ఇంటికొచ్చిన మాస్టారి భార్య చెప్పులు విప్పుతూ, "ఎవరడిగినా తప్పు నాదేనంటున్నాడు" అంది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఆయనకు.

మర్నాడు పై అధికారి ఒక కాగితం పంపారు. కుక్క కారణం లేకుండా దాడి చేసిందని మాస్టారు సంతకం పెడితే, పశువుల డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చి కథ ముగిస్తాడు. మాస్టారి పరువుకోసమే అలా రాయించారని అందరికీ తెలుసు. రెండు రోజులు ఆ కాగితం ఆయన జేబులోనే నలిగింది. మూడోరోజు ఆ వాక్యం కొట్టేసి, కుక్క ముందే హెచ్చరించిందని, బామ్మర్ది ఆగబోతే తానే ముందుకు తోశానని రాసి తీసుకెళ్లారు.

"ఇది పైకి వెళ్తే మీరిక పాఠం చెప్పలేరు" అన్నారు అధికారి.

"ఎలాగూ చెప్పలేనండి. నోరు రాదు."

శిక్షణ వేరొకరికి ఇచ్చారు. మాస్టారికి గదులు కడిగి కుక్కలకు తిండి పెట్టే పని మిగిలింది. మొండోడికి ఇంజెక్షన్ ఇవ్వకుండా మూడు నెలలు తన దగ్గరే ఉంచమని ఆయన బతిమాలితే ఒప్పుకున్నారు.

రోజూ పళ్లెం పెట్టి, బామ్మర్ది చెప్పినట్టే ఎడంగా స్టూలు వేసుకుని కూర్చునేవారు. కుక్క తలెత్తి చూస్తే ఓ మాంసం ముక్క విసిరి వెనక్కి జరిగేవారు. ఒకప్పటి శిష్యులు అటుగా పోతూ, పులి పిల్లి అయిందని నవ్వుకున్నారు. కుక్క కదిలితే చాలు, ఆయన స్టూలు మీంచి సగం లేచేవారు. ఇన్నేళ్లూ ప్రతి కుక్కకూ తాను భయపడ్డానని, ఆ భయానికే క్రమశిక్షణ అని పేరు పెట్టుకున్నానని ఆ స్టూలు మీదే ఆయనకు తెలిసొచ్చింది.

నెలన్నరకు మొండోడు ఆయన ఎదుట నిమ్మళంగా తిన్నది. తర్వాత తలుపు తీయాలంటే కూర్చోవాలని, కూర్చుంటే వాసన వెతికే పని దొరుకుతుందని నేర్చుకుంది. పనంటే దానికి ప్రాణం. మొండితనం మాత్రం వెంట్రుకవాసైనా తగ్గలేదు. మూడో నెలాఖరున ఒక మహిళా కానిస్టేబుల్‌కు దాన్ని అప్పగించారు.

ఆ రోజే బామ్మర్ది వచ్చాడు. అతన్ని వైర్‌లెస్ గదికి మార్చారు. ఇనుప జాలీ అవతలి నుంచి మొండోడు వాసన చూడబోతే, చెయ్యి చటుక్కున జేబులో పెట్టుకున్నాడు.

"వాడు బాగున్నాడు బావా. నాకే ఇంకా భయం పోలేదు."

"నువ్వు చెప్పినప్పుడు నేను వినాల్సిందిరా" అన్నారు మాస్టారు. మూడు నెలలుగా అనలేకపోయిన మాట అది.

బామ్మర్ది పర్లేదనలేదు. గురగురలాడితే ఆగాలని కొత్తావిడకు చెప్పావా అని అడిగాడు. చెప్పానన్నారు మాస్టారు.

"నేనూ ఓసారి చెప్తాను" అని, జేబులోంచి చెయ్యి తీసి, ఆమె దగ్గరికి వెళ్లాడు.

మాస్టారు అక్కడే ఆగిపోయి, బామ్మర్ది మాటలు ఆమెతోపాటు తానూ విన్నారు.