గేటు పక్క వాక్కాయలు

విచారణ పదకొండు గంటలకు. నేను ఆస్పత్రి గేటు దగ్గర కారు దిగేసరికి తొమ్మిదీ పది.

ముందే రావడానికి కారణం ఫొటోలు. కాయ లేని కంచెని ఈ చివర నుంచి ఆ చివర దాకా ఫొటోలు తీసి రిపోర్టుకి జత చేస్తే ఇక ఎవరూ నోరెత్తరు. రిపోర్టు నేను రాసిందే. ఒక్క పేజీ. అందులో పనికొచ్చే వాక్యం ఒక్కటే: 'పూత మీద దోమల మందు పొగ పట్టడం వల్ల తేనెటీగలు రాలేదు, అందువల్ల కాయ కట్టలేదు.' అది చేతికి అందిన మూడో రోజున మందు కొట్టే మనిషిని పనిలోంచి పక్కన పెట్టారు. అది జరిగి పదకొండు రోజులు. ఇవాళ తేల్చేస్తారు. తప్పు అతనిదేనంటే ఉద్యోగం పోతుంది, దాంతోపాటు ఆస్పత్రి వెనక ఉంటున్న రెండు గదుల క్వార్టరూ పోతుంది.

అతన్ని అందరూ మబ్బు బాబాయ్ అంటారు. పొగ మిషన్ భుజాన వేసుకుని నడుస్తుంటే మనిషి కనపడడు, తెల్లటి మబ్బు ఒకటి దగ్గుకుంటూ వస్తున్నట్టుంటుంది.

నాది నర్సరీ. అమ్మ మొదలుపెట్టింది, నేను పెద్దది చేశాను. మూడేళ్ళ కిందట ఈ ఆస్పత్రి పెద్ద డాక్టరు గారు నన్ను పిలిపించి ముళ్ళతీగ చూపించారు. "కాళ్ళు విరిగి నెలల తరబడి మంచాల మీద ఉండేవాళ్ళమ్మా. కిటికీలోంచి చూస్తే ఈ ఇనప ముళ్ళు. దీని బదులు పూలు పూసేది, పిట్టలు వచ్చేది ఏదైనా వెయ్యి" అన్నారు. నేను వాక్కాయ అన్నాను. నీళ్ళు పెట్టకపోయినా బతుకుతుంది, మేకలు దాని జోలికి పోవు, ముళ్ళు కంచె పని చేస్తాయి, తెల్లటి పూలు గుప్పున వాసన వేస్తాయి. కాయ పండితే పిగిలిపిట్టలు, గోరింకలు వాలిపోతాయి. ఆరువందల మొక్కలు నాటాను. ఆ కంచె పొడుగునా రెండు వేసవులు నీళ్ళు మోసింది మబ్బు బాబాయే. గొట్టం పగిలిన వారం రోజులు బకెట్లతో మోశాడు. అది అతని పని కాదు.

మొక్కలు నడుమెత్తు దాటాయి. నిరుడు పూత వచ్చి రాలిపోయింది, లేత మొక్కలు కదా అని సర్దిచెప్పాను. ఈ ఏడు ఆకు కనపడనంతగా పూశాయి. కాయ మాత్రం లేదు. డాక్టరు గారు ఎందుకని అడిగితే వచ్చి చూశాను. చూడటమంటే, ఎండ మండిపోతోందని నీడ ఉన్న సగం మాత్రమే నడిచి వెళ్ళిపోయాను. గేటు వైపు రాలేదు.

ఇప్పుడు వచ్చాను. ఫోన్ పైకెత్తి ఫొటో తీయబోతుంటే తెరలో ఎర్రగా ఏదో కనిపించింది.

కాయలు!

ఒకటీ రెండూ కాదు. గుత్తులు గుత్తులు. ఒకవైపు గులాబీ రంగు తిరిగి, ఇంకోవైపు ఇంకా పచ్చగా. అటు ఆరు మొక్కలు, ఇటు ఏడు మొక్కలు, ఆ తర్వాత మళ్ళీ ఖాళీ. వాటి మధ్యలో ఉన్న మొక్క మీద అన్నిటికన్నా ఎక్కువ. దగ్గరికి వెళ్ళాను. దాని ఆకు కాస్త సన్నం. ముల్లు చివర రెండుగా చీలింది. నా మొక్కల ముల్లు చీలదు.

అది నా మొక్క కాదు.

అప్పుడు గుర్తొచ్చింది. మొదటి వేసవిలో నీళ్ళ లారీ వెనక్కొచ్చి గేటు దగ్గర ఒక మొక్కని తొక్కేసింది. బాబాయ్ ఫోన్ చేశాడు. "పంపిస్తా" అని మర్చిపోయాను. ఇంకోసారి చేశాడు. ఇంకోసారి మర్చిపోయాను. "మీ పిన్ని డబ్బాలో గింజేసి మొలిపించింది ఒకటుందిలే, అది పెట్టేస్తా" అన్నాడు చివరికి.

అమ్మకి ఫోన్ చేశాను.

"అమ్మా, కంచెలో ఒక్క బయటి మొక్క ఉంది. దాని చుట్టుపక్కలే కాయ కట్టింది. మిగతాదంతా గొడ్డు."

"మొక్కలు దేన్నించి తీశావు?"

"మన షెడ్డు వెనక పెద్ద చెట్టు నుంచి. కొమ్మ ముక్కలు."

"ఆరువందలూనా?"

"ఒకే ఎత్తు, ఒకే గుబురు రావాలని..."

అమ్మ నవ్వింది. ఆ నవ్వంటే నాకు చిన్నప్పట్నుంచీ భయం. "ఒసే పిచ్చిదానా! ఒక చెట్టు కొమ్మలన్నీ ఆ చెట్టేనే. ఆరువందల మొక్కలు కావవి, ఒక్కటే మొక్క ఆరువందల చోట్ల నిలబడింది. తనకి తనే పెళ్ళి చేసుకుని పిల్లల్ని కంటుందిటే? వాక్కాయకి పక్కింటి పుప్పొడి కావాలి. పది చెట్ల నుంచి తియ్యమని నీకు లక్షసార్లు చెప్పాను. సరే, ఆస్పత్రి వాళ్ళకి కారణం ఏమని రాసిచ్చావు?"

ఎవరైనా వస్తున్నారేమోనని గేటు లోపలికి చూశాను.

"ఏమే, నిన్నే! ఏమని రాశావు?"

ఫోన్ కట్ చేశాను.

తర్వాత చేసింది చెప్పడానికి నాకు ఇప్పటికీ నోరు రాదు. చెప్పకపోతే ఇది రాయడమే అనవసరం.

నేను ఆలోచించింది బాబాయ్ గురించి కాదు. ఇదే కంచె కావాలని రెండు స్కూళ్ళు, ఒక గ్రంథాలయం నా దగ్గర వరసలో ఉన్నాయి. షెడ్డులో ఇంకో రెండువేల మొక్కలు సంచుల్లో పెరుగుతున్నాయి, అన్నీ అదే చెట్టువి. రోజూ కార్లలో దూసుకుపోయేవాళ్ళు కూడా ఇవాళ విచారణ కదా అని ఈ గేటు దగ్గర ఆగి కంచె చూడొచ్చు. ఈ కాయలు కంట పడితే పొగ కథ అక్కడికక్కడే చచ్చిపోతుంది.

కారులోంచి గుడ్డ సంచీ తీశాను. కాయలు కోయడం మొదలుపెట్టాను.

వాక్కాయ తెంపితే తొడిమ దగ్గర పాలు కారతాయి. జిగురు పాలు. నిమిషంలో వేళ్ళు అతుక్కుపోయాయి. ముళ్ళు మణికట్టు మీద గీసుకుపోతున్నాయి. ఆగలేదు. పండినవి, పచ్చివి, పిందెలు, అన్నీ. అరగంటలో పదమూడు మొక్కలూ ఖాళీ, సంచీ నిండింది. ఇక మిగిలింది మధ్యలో మొక్క. దాని ఆకు తేడా తెలిసినవాడు ఎవడైనా గమనిస్తే? చేతి రంపం తెచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాను. కాండం మొదలు దగ్గర రంపం ఆనించాను.

"అమ్మాయ్!"

మబ్బు బాబాయ్. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలో ఉన్నాడు. మెడలో గుడ్డ లేదు, భుజాన మిషన్ లేదు. అలా చూస్తే ఎవరో కొత్తమనిషిలా ఉన్నాడు. చంకలో చిన్న నోటుబుక్కు. సంచీ వైపు చూశాడు. నా చేతుల వైపు చూశాడు. మొహం విప్పారింది.

"నా కోసమే?"

నాకు అర్థం కాలేదు.

"సాక్ష్యం! లోపల చూపించడానికే కదా కోశావు? చూశావా, రోజూ ఈ కాయలు చూస్తూనే ఉన్నాను, కోసి తీసుకెళ్దామన్న బుద్ధి నాకు పుట్టలేదు. రాత్రంతా ఈ నోటుబుక్కు పట్టుకుని కూర్చున్నా. ఏ రోజు ఎన్నింటికి కొట్టానో రాసుకున్నాలే. పూత రోజుల్లో మిషన్ కాలువ వైపే పట్టాను, కంచె వైపు అసలు తిప్పలేదమ్మా. కానీ నా రాత నేను చూపిస్తే ఎవడు నమ్ముతాడు? నువ్వు చెబితే నమ్ముతారు." గొంతు తగ్గించాడు. "నీ రిపోర్టు విని మీ పిన్ని నిన్ను తిట్టిపోసింది. ఊరుకోవే, తెలిస్తే ఆ పిల్లే వచ్చి సరిచేస్తుంది అన్నాను. అన్నట్టే వచ్చావు. నా కోసమేగా?"

"అవును బాబాయ్" అన్నాను.

ఒక్క మాట. ఎంత తేలిగ్గా వచ్చిందో!

"మరి రంపమెందుకు?"

"ఎండుకొమ్మ ఉందనీ..."

"ఇప్పుడెందుకులే, తర్వాత నేను తీసేస్తా. అయ్యో, చేతులు చూడు! కొబ్బరినూనె రాస్తే గానీ పోదది. ఇటివ్వు, బరువు." సంచీ తనే భుజాన వేసుకున్నాడు.

విచారణ గదిలో పొడుగాటి బల్ల. అవతల ముగ్గురు: పెద్ద డాక్టరు గారు, ఆఫీసరు, హెడ్ నర్సు. నేను చేతులు బల్ల కింద పెట్టుకున్నాను. జిగురు నల్లబడుతోంది.

ఆఫీసరు నా రిపోర్టు పైకి చదివాడు. నా వాక్యం అతని నోట్లో ఇంకా గట్టిగా వినిపించింది. "దీనికి నువ్వేమంటావు?" అన్నాడు బాబాయ్ తో.

బాబాయ్ లేచాడు. సంచీ బల్ల మీద బోర్లించాడు. కాయలు దొర్లి ఆఫీసరు కాగితాల మీదికి, హెడ్ నర్సు ఒళ్ళోకి పడ్డాయి.

"ఏమిటిది? ఎక్కడివివి?"

"మన గేటు దగ్గరివేనండి. నా పొగకి కాయ చచ్చిందంటే మరివెక్కడివి? అమ్మాయి తనే కోసుకొచ్చింది. తనే చెబుతుంది."

మూడు మొహాలు నా వైపు తిరిగాయి. నాలుగోది ముందే తిరిగి ఉంది, నమ్మకంగా.

అప్పుడు కూడా నేను జారుకోవాలనే చూశాను. "గేటు దగ్గర... బహుశా పొగ తక్కువగా తగిలి ఉండొచ్చు" అన్నాను.

బాబాయ్ నవ్వాడు. నేను తడబడ్డానని, సాయం చేద్దామని ముందుకు వంగాడు. "అదేం కాదమ్మా. గేటు దగ్గరే ఎక్కువ కొడతాను. మురిక్కాలువ అక్కడేగా. దోమలకి అదే అత్తారిల్లు."

హెడ్ నర్సు కిసుక్కున నవ్వింది. ఆఫీసరు నవ్వలేదు. "మరైతే?" అన్నాడు నాతో.

ఇక దారుల్లేవు. చెప్పాను. ఒకే చెట్టు, ఆరువందల కొమ్మ ముక్కలు. అమ్మ వద్దన్నా అన్నీ ఒకేలా ఉండాలని చేశాను. బయటి మొక్క ఒక్కటి ఉన్న చోటే కాయ కట్టింది. ఆ బయటి మొక్క బాబాయ్ వాళ్ళింటిది. సగం కంచె నడవకుండానే రిపోర్టు రాశాను. మందుకీ దీనికీ సంబంధం లేదు.

హెడ్ నర్సు ఒళ్ళోని కాయలు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టింది.

ఆఫీసరు రిపోర్టు నిలువునా చింపాడు. "రేపట్నుంచి పనిలోకి రావయ్యా" అన్నాడు బాబాయ్ తో. ఇక నా వంతు, చీవాట్లు పడతాయి అనుకున్నాను. పడితే బాగుండేది.

పెద్ద డాక్టరు గారు కళ్ళజోడు తీశారు. "తన తప్పుకి తనే సాక్ష్యం కోసుకుని తెచ్చేవాళ్ళని నా సర్వీసులో చూళ్ళేదమ్మా. మొక్కలదేముంది, మధ్య మధ్యలో వేరే చెట్ల గింజ మొక్కలు పెడితే సరిపోతుంది కదా? ఆ పని నువ్వే చెయ్యి. మనిషివంటే నువ్వే!" అన్నారు. హెడ్ నర్సు తల ఊపింది. ఆఫీసరు కూడా.

కాదని చెప్పాల్సింది అప్పుడే. నమస్కారం పెట్టడానికి కూడా చేతులు పైకి తీయలేకపోయాను.

బయట మెట్ల మీద బాబాయ్ ఫోన్లో పిన్నికి చెబుతున్నాడు. "చెప్పానా లేదా? నువ్వేమో నోటికొచ్చినట్టు తిట్టావు. సాయంత్రం వచ్చి ఆ పిల్లకి సారీ చెప్పు. ఆ, నువ్వే చెప్పాలి!"

ఆ ముక్క విన్నాక నేను నిలబడలేకపోయాను.

"బాబాయ్, ఫోన్ పెట్టెయ్."

పెట్టేశాడు.

"నీ కోసం కొయ్యలేదు. ఎవరూ చూడకూడదని కోశాను. పారేద్దామని. ఆ రంపం ఎండుకొమ్మకి కాదు, మీ మొక్కకి."

అతను వెంటనే అర్థం చేసుకోలేదు. మొహంలో ఇందాకటి నవ్వే ఇంకా ఉంది. అది పోవడానికి కొంతసేపు పట్టింది. నేను పూర్తిగా చూశాను. చూపు తిప్పుకునే హక్కు నాకు లేదనిపించింది.

"ఇదంతా లోపలెందుకు చెప్పలేదు?"

"భయమేసింది."

"భయం" అన్నాడు. నోటుబుక్కు చంక మార్చుకున్నాడు. "నాకూ వేసింది. పదకొండు రోజులు. గిన్నెలూ బట్టలూ మూటలు కట్టుకుని కూర్చున్నాం."

నేను ఏదో అనబోయాను. చెయ్యెత్తి ఆపాడు. కోపం లేదు ఆ చేతిలో. ఉంటే నయంగా ఉండేది.

"కొత్త మొక్కలు తెస్తారుగా" అన్నాడు. "ఆఫీసులో ఇచ్చి వెళ్ళండి. నేను నాటుకుంటాను. కంచె దగ్గరికి మీరు రావక్కర్లేదు."

మూడేళ్ళలో అతను నన్ను మీరు అనడం అదే మొదటిసారి.

క్వార్టర్ల వైపు వెళ్ళిపోయాడు. నేను పెద్ద డాక్టరు గారి గదికి తిరిగి వెళ్ళాను. తలుపు మూసి ఉంది. లోపల ఆయన ఎవరితోనో నా గురించే మాట్లాడుతున్నారు, మెచ్చుకుంటూ. జిగురు చేత్తోనే తలుపు కొట్టాను.