ట్యాంకు కింది పట్టీ

"కీ తిప్పకక్కా! చెయ్యి తియ్!"

చెల్లెలి కేకకు కారులో కూర్చున్న అక్క చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. వెల్డింగ్ షెడ్డు ముందు వాలులో నిలబడ్డ ఆ కారు కింద, మోసే పట్టీ తెగి, పెట్రోలు ట్యాంకు ఒక పక్కకు ఒరిగి వేలాడుతోంది. రబ్బరు గొట్టం ఊడింది. పెట్రోలు ధార కట్టి, తిన్నగా పక్క షెడ్డు వైపు పాకుతోంది. అక్కడ గ్యాస్ కట్టర్ మండుతోంది.

"మంట ఆర్పెయ్ బాబాయ్! పెట్రోలు!"

పక్క షెడ్డు ఆసామి ఎందుకని అడగలేదు. వాల్వు బిగించేశాడు. చెల్లెలు కారు కిందికి దూరి గొట్టాన్ని మడిచి పట్టుకుంది. బావ ఇసుక బకెట్లతో పరుగెత్తాడు. అక్క దిగి నాలుగడుగులు వేసి అరుగు మీద కూలబడింది.

ట్యాంకు దించి ఖాళీ చేశాక, బావ ఒంటికాలి మీద లేచాడు.

"మూడేళ్ళు నేర్పితే ఇదా నీ అతుకు? మీ అక్క ప్రాణం పోయేది! రేపటి నుంచి వెల్డింగ్ మిషను ముట్టుకోకు."

ఆ ట్యాంకుకు మోతపట్టీలు ఎక్కడా దొరక్క, కొలతలు తీసి గీసింది చెల్లెలే. మామూలు, మెత్తగా వంగే ఎమ్మెస్ ఇనుము ఎంచుకుంది తనే. ఆ షెడ్డులో కోసి నున్నగా రుద్దేది బావ, అతికేది తను. ఆ పని పోతే ఇక తను చేసేదేముంది?

విరిగిన ముక్కలు చేతిలోకి తీసుకుంది. అతుకు చెక్కుచెదరలేదు. దానికి వేలెడు దూరంలో పట్టీ పుటుక్కున తెగింది. ఎక్కడా వంగిన జాడ లేదు. తెగినచోట పంచదార పలుకుల్లా మెరుస్తోంది.

ఎమ్మెస్ ఇలా విరగదు.

బట్టలు మార్చుకుని, పెట్రోలు వాసన తగలనంత దూరం, వెనక దొడ్లోకి వెళ్ళింది. మిగిలిన ఎమ్మెస్ ముక్కను గ్రైండర్‌కు ఆనించింది. రవ్వలు పొడుగ్గా, తిన్నగా లేచాయి. తర్వాత విరిగిన ముక్క. రవ్వలు పొట్టిగా లేచి, పువ్వుల్లా చిట్లాయి.

"బావా, ఒకసారి ఇటు రా. ఈ రవ్వలు చూడు, ఇది నేనిచ్చిన ఇనుము కాదు."

"కాదు మరి," అన్నాడు బావ, ఇంకా కోపంగానే. "నువ్విచ్చింది బిగించి లాగితే వంగింది. అది ఇనుమా, అట్టముక్కా? మీ అక్క నడిపే బండి, గట్టిది వెయ్యాలని లారీ స్ప్రింగు కమాన్ పట్టీ కోసి పెట్టాను. లారీని మోసింది, ట్యాంకును మొయ్యదా?"

"నాకెందుకు చెప్పలేదు?"

"మంచిది వేస్తే చెప్పాలా?"

"దాని వంపు ఎలా తీశావు?"

"ఎర్రగా కాల్చి సుత్తితో."

"తర్వాత?"

"చల్లారేదాకా ఎవరు కూర్చుంటారు? నీళ్ళ బకెట్లో..."

అక్కడ ఆగిపోయాడు. ఉలికి పదును పెట్టేటప్పుడు తనే మరదలికి నేర్పిన పాఠం అది. ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే ఆ ఉక్కు గాజులా పెళుసెక్కుతుంది. ఆపైన అతుకు వేడి కూడా తగిలింది. గతుకుల్లో అదురుకు ఎన్నాళ్ళు నిలుస్తుంది?

"కాస్త వంగే ఇనుమే కావాలి బావా. అదురును ఓర్చుకునేది," అంది చెల్లెలు మెల్లగా. "నేనూ ఒకసారి రుద్ది చూసుకోవాల్సింది. నువ్వు సిద్ధం చేశావంటే ఇక చూడక్కర్లేదనుకున్నా."

"ఏమిటే అక్కడ గుసగుసలు?" అక్క గోడ పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఎవరి వల్ల జరిగిందో తేలిందా?"

చెల్లెలు తల దించుకుంది. నోరు విప్పితే తన పని దక్కుతుంది. కానీ బావ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ మొహం చూస్తూ చెప్పలేకపోయింది.

"చెప్పవేం? నీ అతుకేనా?"

"దాన్నేం అనకు," అన్నాడు బావ. ముక్క అందుకుని భార్య చేతిలో పెట్టాడు. "ఇదిగో, దాని అతుకు నిక్షేపంలా ఉంది. పట్టీ మార్చింది నేను. మార్చి చెప్పనిదీ నేనే. పైగా దాన్ని తిట్టాను. తప్పు నాదే."