గడ్డికి గొడుగు

మడులు పంచిన రోజు అందరూ టమాటా కోసం, బంతిపూల కోసం పోట్లాడుకుంటుంటే నేను కలుపు మడి అడిగాను. అడిగాను అనడం కూడా గొప్పే. "కలుపు మడి ఎవరికి?" అని తోట చూసే మేడమ్ అన్నప్పుడు వెనక నుంచి చెయ్యెత్తాను.

మా కాలేజీ తోట అమ్ముకోవడానికి కాదు, చూపించడానికి. ఎండలు మొదలయ్యేసరికి చిన్న బడుల పిల్లలు చూడటానికి వస్తారు. సెలవుల్లో ఉండిపోయిన విద్యార్థులం తలో మడి చూసుకోవాలి. పిల్లలు వచ్చినప్పుడు ఎవరి మడి దగ్గర వాళ్ళు నిలబడి దాని గురించి చెప్పాలి. ఆ చెప్పడం అన్న మాటకే నాకు చెమటలు పట్టాయి. ఇంటికి చుట్టాలొస్తే మంచినీళ్ళ గ్లాసు గుమ్మంలో పెట్టి పారిపోయే రకాన్ని నేను. పూలూ కాయలూ ఉండగా గడ్డి దగ్గర ఆగేదెవరు అన్నది నా ధైర్యం.

కలుపు మడి అంటే నిజంగా కలుపే. తుంగ, గరిక, గడ్డిచామంతి, నేలఉసిరి. ఏది మొక్కో ఏది కలుపో పిల్లలు గుర్తుపట్టడం నేర్చుకోవాలని ఒక్కో రకాన్ని ఒక్కో వరసలో పెంచుతారు. అందరి మడుల్లో పిలవకుండా వచ్చి కూర్చునే గడ్డి, నా మడిలో మాత్రం అలిగింది. రెండు పూటలా నీళ్ళు పోశాను. అయినా మధ్యాహ్నానికి తల వాల్చేస్తోంది. చివరికి నాలుగు కర్రలు పాతి పైన షేడ్‌నెట్ కట్టాను.

"గడ్డికి గొడుగు పట్టావటే!" అంది పక్కనే వంగ మడి చూసుకునే అమ్మాయి. ప్రశ్న పూర్తి కాకముందే జవాబు చెప్తుంది కాబట్టి ఆమెకు ప్రొఫెసరమ్మ అని పేరు పెట్టుకున్నాం. "దిగుబడి ఎలా ఉందేం? లారీ మాట్లాడమంటావా?"

నేను షేడ్‌నెట్ తాడు ఇంకాస్త బిగించాను. నాన్నకు మాత్రం ఈ సంగతి చెప్పలేదు. ఏం మడి ఇచ్చారని ఫోన్లో అడిగితే "ఆకులవి" అన్నాను. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ కలుపుతో తగవు పడుతున్న మనిషికి ఏమని చెప్పను?

రేపు పిల్లలు వస్తారనగా మేడమ్ అందరినీ షెడ్డులోకి పిలిచి ఎక్కడ నిలబడాలో, ఏం చెప్పాలో వివరించింది. వరసల పక్కన గుచ్చాల్సిన పేర్ల చెక్కలు రంగు ఆరుతూ అక్కడే ఉన్నాయి. నావి తీసుకుని బయటికొచ్చేసరికి, నేనుండే మా అత్త ఇంటికి ఊరి నుంచి వచ్చిన నాన్న, నన్నూ చూద్దామని అటునుంచి అటే తోటకొచ్చి, నా పేరున్న బోర్డు పక్కన నిలబడి చేతులు దులుపుకుంటున్నాడు.

మడి అద్దంలా ఉంది. ఒక్క పోచ లేదు. మట్టి చదును చేసి నీళ్ళు కూడా చల్లాడు.

"హమ్మయ్య, మీ మేడమ్ రాకముందే అయిపోయింది," అన్నాడు గొంతు తగ్గించి. "నీ పేరు పెట్టుకుని ఆ గడ్డేంటి తల్లీ? ఎవరూ చూళ్ళేదులే."

నా వెనకే షెడ్డులోంచి వచ్చిన ప్రొఫెసరమ్మ పొట్ట పట్టుకుని నవ్వుతూనే మొత్తం చెప్పేసింది.

నాన్న మొహం చూడాలి. "కలుపు పెంచుతున్నారా? ఎందుకు?"

"గుర్తుపట్టడానికి నాన్నా."

"గుర్తుపట్టే కదమ్మా పీకింది!" అన్నాడు. మడి వైపు చూసి, "నేనూ అనుకున్నా, ఈ గడ్డేంటి ఇంత వరసగా మొలిచిందని," అన్నాడు.

పీకిన గడ్డంతా ఎండలో గుట్టగా పడి ఉంది. నాన్న పీకాడంటే వేరుతో సహా రావాల్సిందే, తుంగనైతే గడ్డతో సహా తవ్వేశాడు. అప్పటికే అంతా వడిలిపోయింది. పిల్లలు పొద్దున్నే వస్తారు. నా బోర్డు వెనక ఉత్త మట్టి. వేరే దారి లేదు, మిగతా మడుల్లోంచి మట్టిపెళ్ళతో సహా కలుపు తెచ్చి నాటాలి. అంటే అడగాలి. అందరినీ. నోరు తెరిచి.

"నువ్వడుగు నాన్నా."

"నేనా? నాకెవరు తెలుసు ఇక్కడ?" అని తట్ట ఎత్తుకుని నా వెనక్కి చేరాడు. నా బిడియం ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడర్థమైంది.

ప్రొఫెసరమ్మ దగ్గరే మొదలుపెట్టాను. "నీ మడిలో కలుపేమైనా..."

"నా మడిలోనా? ఛీ ఛీ!" అని, మేడమ్ దూరంగా ఉందని చూసుకుని, "ఆ చివర వంగ మొక్కల వెనక చూడు. నేను చెప్పానని అనకు," అంది.

అందరిదీ అదే పాట. ముందు ఒట్లు, తర్వాత గుసగుసలు. తట్ట నిండింది కానీ తుంగ దొరకలేదు. తుంగ లేకపోతే నా పాఠమే లేదు. పైకి లాగితే పోచ తెగి చేతికొస్తుంది, గడ్డ మట్టిలోనే ఉండిపోతుంది. పిల్లలకు ముఖ్యంగా చూపించమని మేడమ్ చెప్పింది దాన్నే. తుంగ ఎక్కడుందో నాకు తెలుసు. 'మాదిరి మడి' అని బోర్డు పెట్టి మేడమ్ స్వయంగా చూసుకునే మడిలో.

ఆవిడ ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. ప్రొఫెసరమ్మ పుణ్యమా అని నా మడి సంగతి ఆవిడకు అప్పటికే తెలుసు. వెనక నాన్న దగ్గాడు.

"మేడమ్, మీ మడిలో తుంగ ఉందండి. కొంచెం ఇస్తారా?"

తోటలో పనులన్నీ ఆగిపోయాయి.

"నా మడిలోనా?"

"అవునండీ. కాలవ పక్క అంచున."

"ఎప్పట్నుంచి చూస్తున్నావు?"

"వచ్చినప్పటి నుంచీ అండీ."

"మరి చెప్పలేదేం?"

"మా అమ్మాయి మాట్లాడదండి," అన్నాడు నాన్న.

"ఇప్పుడు మాట్లాడింది కదండీ. అదీ దేని గురించో చూశారుగా!" అని మేడమ్ లేచి తనే పార అందుకుంది. "తీసుకోండి. ఏ మడిలోదో మాత్రం బయట చెప్పొద్దు."

చల్లబడ్డాక నాన్నే నాటాడు. ఒక్కో గడ్డి దుబ్బును మట్టిలో పెట్టి, వేలితో నొక్కి, చుట్టూ చూసేవాడు. "మీ బాబాయికి తెలిసిందంటే నేనిక పొలం వైపు వెళ్ళలేను," అన్నాడు. అయినా వరస ఒక్కటి వంకర పోనివ్వలేదు.

పొద్దున పిల్లలు వచ్చారు. టమాటా దగ్గర "ముట్టుకోవద్దు" అన్నారు. పూల దగ్గరా అదే మాట. నా మడి దగ్గర మాత్రం పీకి చూడొచ్చు. ఇది నా లెక్కలో లేదు. ఆ సంగతి ఎలా తెలిసిందో, అందరూ నా మీదికొచ్చి పడ్డారు. "అక్కా, ఇదేంటి? అక్కా, ఇది తెగిపోయిందేం?" చెప్పక చస్తానా? చెప్పాను. తుంగ గడ్డ తవ్వి చూపించాను. గొంతు బొంగురుపోయింది.

రాత్రి అత్త ఇంట్లో ఉండి, ఊరి బస్సుకు బయల్దేరిన నాన్న, తోట బస్టాండుకు దారిలోనే కదా అని గేటు దగ్గర సంచితో నిలబడి చూస్తున్నాడు.

పళ్ళూడిన ఒక పిల్ల నా చున్నీ పట్టుకు లాగింది. "గడ్డిని ఇంత బాగా ఎవరు నాటారక్కా?"

"మా నాన్న," అన్నాను. ఎంత గట్టిగా అన్నానంటే వంగ మడి దగ్గర ప్రొఫెసరమ్మ చెప్తున్నది ఆపేసి ఇటు తిరిగింది. "అదిగో, గేటు దగ్గర ఉన్నారు చూడండి!"

పిల్లలందరూ అటు తిరిగి చేతులూపారు. నాన్న తువ్వాలు తలమీదుగా కప్పుకుని, బస్సు తరుముకొస్తున్నట్టు నడిచి వెళ్ళిపోయాడు.