మొదటి హమూర్

ఇరాక్ సైన్యం కువైట్‌ను పట్టుకున్న మూడో నెలలో ముగ్గురు ఇరాకీ ఆఫీసర్లకు చేపల వేట మీద మనసయింది. యుద్ధానికొచ్చి షికారేమిటయ్యా అని అడిగే దిక్కెవరు? రేవులో పడవను కనిపెట్టుకుని ఉన్న బాలసుబ్బయ్యను పదమన్నారు.

కడప నుంచి వచ్చి పదేళ్లుగా అతను ఆ పడవ మీదే ఉన్నాడు. తను బాబా అని పిలిచే యజమాని అబూ ఫహద్ అతిథులకు చేప ఎక్కడ పడుతుందో చూపించడం అతని పని. ఆ అబూ ఫహద్ కువైట్ సైన్యంలో ఆఫీసరు. ఇరాకీలకు చిక్కితే ప్రాణం దక్కదు కనుక మిష్రిఫ్ పేటలోని తన ఇంట్లోనే, నేలమాళిగలో దాక్కున్నాడు. ఎవరడిగినా సౌదీకి పోయాడని చెప్పాలి. వీళ్లకూ బాలసుబ్బయ్య అదే చెప్పాడు.

నడిసముద్రంలో నీటి అడుగు రాతిగుట్టల మీద గాలం దించగానే పెద్ద హమూర్ చేప పడింది. "నీలాంటి వేటగాణ్ణి ఎక్కడా చూడలేదు!" అని పెద్దాఫీసరు భుజం తట్టాడు. అంతే, మావాడు పొంగిపోయాడు. ఊరు దోచినవాడి మెప్పు కూడా అంత తీపిగా ఉంటుందా, ఛీ!

ఆ సంబరంలో చేతులు అలవాటు పనికి దిగాయి. చేపను తడిగోనెలో చుట్టి పక్కన పెట్టాడు.

"అది ఎవరికి?" అన్నాడు ఆఫీసరు.

"బాబాకు. మొదటి చేప ఎప్పుడూ ఆయన ఇంటికే."

అనేసి నాలుక కరుచుకున్నాడు.

"సౌదీకి ఎలా పంపుతావు?" ఆఫీసరు నవ్వుతూనే అడిగాడు. బాలసుబ్బయ్య గోనెను కాలితో వెనక్కి నెట్టాడు. ఒడ్డుకొచ్చాక ఇల్లు చూపించమన్నారు. తుపాకీ ఎత్తే పని కూడా పెట్టకుండా చూపించాడు.

పనిమనిషి తిరుపాలమ్మ తలుపు తీసి, "పొద్దన్నించి యాడికి పోయినావన్నా?" అంటూనే వెనక ఇరాకీలను చూసి బిక్కచచ్చిపోయింది.

అబూ ఫహద్‌ను చేతులు వెనక్కి కట్టి తీసుకొచ్చారు. అతని కళ్లలో కోపం లేదు.

"చాలా కొట్టారా నిన్ను?" అని బాలసుబ్బయ్యను అడిగాడు.

కొట్టలేదని చెప్పడానికి ధైర్యం చాలలేదు. అవునన్నట్టు తల ఊపాడు.

"పాపం" అంటూ అబూ ఫహద్ జీపెక్కాడు.

జీపు మలుపు తిరిగాక తిరుపాలమ్మ కళ్లు తుడుచుకుంటూ పసుపు తెచ్చింది.

"చొక్కా ఇప్పన్నా. యాడ తగిలిందో సూసి పసుపు పెడతా."

బాలసుబ్బయ్య రెండు చేతులతో చొక్కాను గట్టిగా పట్టుకున్నాడు. ఆమె ఎంత బతిమాలినా వదల్లేదు.